మా ఆయన చేసే పుడ్డింగు

ఈ వంటకి పొయ్యి వెలిగించక్కర్లేదు. నేను దీన్ని పట్టుకోవడానికి అసలు కారణం అదే. ఆరోగ్యమూ కాదు, అందమూ కాదు. మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఇంటిల్లిపాదికీ కబురందినట్టే. లైటరు టక్కుమనగానే హాల్లోంచి మా అత్తగారు "ఎలాగూ పెట్టావుగా, నాకో గ్లాసు వేణ్ణీళ్లు" అంటారు. ఆ వెనకే మా ఆయన "ఎలాగూ పెట్టావుగా, కాస్త టీ" అంటారు. ఈ ఎలాగూ అనే మాట మా ఇంట్లోనే పుట్టిందేమోనని నాకో అనుమానం. ఎలాగూ లేచావుగా, ఎలాగూ బయటికెళ్తున్నావుగా, ఎలాగూ చేతులు తడిసే ఉన్నాయిగా. పెళ్లయినప్పటి నుంచీ నన్ను ఆ ఒక్క మాట మీదే నడిపిస్తున్నారు, నేనూ నడుస్తున్నాను.

నా పుడ్డింగుకి కావాల్సిన చియా గింజలకి చప్పుడు లేదు, వాసనా లేదు. ఖాళీ అయిన జామ్ సీసాలో రెండు చెంచాల గింజలు వేసి, కాచి చల్లార్చి ఉన్న పాలే పోసి, కాస్త తేనె కలిపి తిప్పాలి. కాసేపాగి మళ్లీ తిప్పాలి, లేకపోతే అడుగున ఉండలు కట్టి కూర్చుంటాయి. ఆ కాసేపట్లో నేను అంట్లు తోమేస్తాను కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మూత పెట్టి ఫ్రిజ్‌లో వెనక్కి తోసేస్తే పొద్దుటికి గట్టిగా పేరుకుంటుంది. పొద్దున్న ఒక కమలాపండూ, సగం బత్తాయీ వలిచి, తొనల మీద పొర కూడా తీసి పైన పేర్చి, కమలా తొక్క పైపైన గీరి చల్లుకుంటే అయిపోయినట్టే. తొక్క లోపలి తెలుపు తగలకూడదు, చేదొస్తుంది. మొదటిసారి తెలివితక్కువగా పాలల్లోనే కమలారసం పిండాను. పాలు విరిగి ముక్కలయ్యాయి. అయినా అంతా తినేశాను. పారేస్తే చెత్తబుట్టలో ఎవరికైనా కనపడుతుందని భయం. నా ఇంట్లో, నా జీతంతో కొనుక్కున్న పండుతో, నేను చేసుకున్నదాన్ని దొంగసొత్తులా మింగాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు, నేను విరిగిన పాలు కూడా వదల్లేదు.

ఒకరోజు మా అత్తగారు ఫ్రిజ్‌లోంచి ఆ సీసా తీసి వెలుతురుకెత్తి చూశారు. "ఏంటమ్మాయ్ ఇవి, కప్పగుడ్లలా ఉన్నాయి?" అన్నారు. "మా షాపు ఓనరమ్మకి అత్తయ్యా. డాక్టరు తినమన్నాడట. ఆవిడకి చేసుకోవడం రాదు, నన్ను చేసిపెట్టమంది" అన్నాను. అంత నున్నటి అబద్ధం నా నోట్లోంచి వస్తుందని నాకే తెలియదు. ఆవిడ మొహం తేటపడింది. "పోనీలే, పెద్దావిడని మంచి చేసుకో, నీకు పనికొస్తుంది" అని సీసాని జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టారు. ఎవరికో చేసిపెడుతున్నానంటే మా ఇంట్లో అది చెల్లుతుంది. నాకే చేసుకుంటున్నానంటే చెల్లుతుందో లేదో నేనెప్పుడూ అడిగి చూడలేదు. నాకు ఇది తినాలనిపిస్తోంది అని నేను ఈ ఇంట్లో అన్నది మా అమ్మాయి అమ్మడు కడుపులో ఉన్నప్పుడొక్కసారే. అప్పుడు కూడా అడిగింది నేను కాదు, లోపలి బిడ్డ అని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి పెట్టారు.

నేను పనిచేసేది కళ్లద్దాల షాపులో. కొత్త అద్దాలకి కొలతలు తీసుకోవడం, ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చునేలా చూడటం, కాడలు కాస్త వేడిచేసి చెవి వెనక వంపు తిప్పడం నా పని. ఏళ్ల తరబడి చేస్తున్నా ఇప్పటికీ కొందరు "ఒకసారి మగవాళ్లెవరినైనా పిలవమ్మా" అంటారు. షాపులో మగవాడు ఒక్కడే, డబ్బాలు మోసే అతను. మా ఓనరమ్మ మంచిదే. మంచిది కాబట్టే కస్టమర్లకి టీలిచ్చిన కప్పులు కూడా ఎలాగూ నా చేతే కడిగిస్తుంది. మధ్యాహ్నం వెనకగదిలో అద్దాల డబ్బాల మధ్య కూర్చుని తింటాం. బిల్లులు కొట్టే కౌంటర్ పిల్ల, నేను, అప్పుడప్పుడూ ఓనరమ్మ.

ఆ గదిలో నేను మొదటిసారి సీసా మూత తీసినప్పుడు కౌంటర్ పిల్ల కళ్లింత చేసింది. తెల్లటి పుడ్డింగు మీద నారింజరంగు తొనలు, పక్కన బత్తాయి పసుపు. "అక్కా, ఎంత ముద్దుగా ఉందో. ఎవరు చేసిచ్చారు?" అంది. ఎలా చేశావని అడగలేదు, ఎవరు చేసిచ్చారని అడిగింది. అంత ముద్దుగా ఉన్నది ఎవరో ఒకరు ప్రేమగా చేసిచ్చి ఉండాలి. నేనే పనిగట్టుకుని, నా ఒక్కదాని కోసం, తొనలకి పొరలు తీసి మరీ పేర్చుకున్నానని చెప్పాలంటే ఒళ్లంతా చచ్చేంత సిగ్గేసింది. ఎవరూ లేని మనిషి తన పుట్టినరోజుకి తనే బహుమతి కొనుక్కుని రంగుకాగితం చుట్టుకున్నట్టు అనిపించింది. "మా ఆయన" అన్నాను.

అబద్ధానికి కాళ్లు రావడానికి ఎంతసేపు. మరుసటి వారానికి దానికి చేతులూ వచ్చాయి. నాకు చేదు గిట్టదని మా ఆయన తొనల పొర కూడా తీస్తారని చెప్పాను. పొద్దున్నే లేచి చేస్తారని, నన్ను వంటింట్లోకి రానివ్వరని చెప్పాను. చెప్పేకొద్దీ ఆ మనిషి నాకు నచ్చడం మొదలుపెట్టాడు. కొన్ని సాయంత్రాలు ఇంటికెళ్లి, సోఫాలో కాళ్లు చాపుకుని "ఎలాగూ లేచావుగా" అంటున్న అసలు మనిషిని చూసి, నువ్వు అతను కాదేమని కోపం తెచ్చుకున్నాను. పాపం, ఆయనకేం తెలుసు.

కౌంటర్ పిల్లకి పెళ్లి కుదిరింది. తను చేసుకోబోయే అబ్బాయికి ఫోనులో రోజూ మా ఆయన గురించి పాఠం చెప్పేది. "చూడు, అక్కవాళ్లాయన ఎలా చేస్తారో. నువ్వూ నేర్చుకో." ఆ పిచ్చి పిల్లాడు నిజంగానే నేర్చుకున్నాడు. ఓరోజు డబ్బాలో తెచ్చి ఇచ్చి వెళ్లాడు. అంతా ఉండలు ఉండలుగా ఉంది, తెల్ల పొర తీయకపోవడంతో చేదుగా కూడా ఉంది. ఆ పిల్ల మాత్రం అమృతంలా తింది. నేను తల వంచుకుని నా సీసాలోకి చూస్తూ కూర్చున్నాను. నా లేని మొగుణ్ణి చూసి ఉన్న పిల్లాడు బాగుపడుతున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా ఆయనకి నలభై దాటాక పేపరు చెయ్యి చాపి చదవాల్సి వస్తోంది. పోరగా పోరగా ఒక సాయంత్రం షాపుకొచ్చారు. ఆయన రావడం అదే మొదటిసారి. కుర్చీలో కూర్చోబెట్టి, "నా ముక్కు వైపు చూడండి" అని, రెండు కళ్ల మధ్య కొలత కోసం స్కేలు ఆయన ముక్కు మీద ఆనించాను. సరిగ్గా అప్పుడే కౌంటర్ పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"బావగారూ, మీ చేతి పుడ్డింగు గురించి మేమంతా రోజూ చెప్పుకుంటామండీ. కమలా తొనలు పేర్చి, ఆ తొక్క గీరి... అసలు అంత ఓపిక ఎలా వస్తుందండీ మీకు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మా ఆయన కళ్లు నా ముక్కు మీంచి నా కళ్లలోకొచ్చాయి. ఏ పుడ్డింగు అంటారని ఎదురుచూశాను. ఆ ఒక్క ప్రశ్నతో నా బతుకు ఆ షాపులో ముగిసిపోతుందని, ఇక మొహం ఎక్కడ పెట్టుకోవాలా అని అనుకుంటూనే ఉన్నాను. ఆయన చిన్నగా దగ్గి, "ఏదో, తీరిక ఉన్నప్పుడు" అన్నారు. అంతటితో ఆగక, "ఆవిడకి ఓపిక తక్కువ. ఇలాంటివి నేనే చూసుకోవాలి" అని కూడా అన్నారు.

ఓనరమ్మ కూడా వచ్చి నిలబడింది. షాపు పెట్టి పదేళ్లవుతోందని, వచ్చే ఆదివారం అందరం కుటుంబాలతో షాపులోనే భోజనం చేద్దామని, సారుగారి పుడ్డింగు తప్పకుండా రావాలని అంది. "దానిదేముంది మేడమ్" అన్నారు మా ఆయన. ఆ రోజు ఆయన మొహానికి సరిపడే ఫ్రేము దొరకడానికి గంట పట్టింది. పొగడ్త మాత్రం మొదటిసారికే సరిపోయింది.

బండి మీద ఇంటికొస్తుంటే ఆయన నవ్వుతూనే ఉన్నారు. "నన్ను వంటవాణ్ణి చేసేశావన్నమాట. ఇంతకీ ఏంటది, పుడ్డింగంటే?" చెప్పాను. గింజలు, పాలు, పండ్లు అని చెప్పాను. ఎందుకలా చెప్పావు అని అడుగుతారేమోనని దారంతా మాటలు కూడగట్టుకున్నాను. అడగలేదు. కూడగట్టుకున్న మాటలు ఇంటి గేటు దగ్గర బండి దిగేటప్పటికి నాకే గుర్తులేవు.

అన్నాల దగ్గర ఆయన దాన్ని పెద్ద జోకులా వాళ్లమ్మకి చెప్పారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మా అత్తగారు ముద్ద కలుపుతున్నవారు ఆగిపోయారు. "ఆ కప్పగుడ్లా? అవి మీ ఓనరమ్మకి కదమ్మాయ్?" అన్నారు. రెండో అబద్ధం కూడా అక్కడే, పప్పు గిన్నె పక్కన, బట్టబయలైంది.

"అయితే ఇన్నాళ్లూ నీ ఒక్కదానికే చేసుకుని తింటున్నావా?"

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. "నేనేమన్నా వద్దన్నానా? మేం రాక్షసులమా? ఒక్క మాట చెప్తే నేనే చేసిపెట్టేదాన్ని కాదా? ఇంట్లో ఎదిగే పిల్ల ఉందే, దానికి పెట్టకుండా ఎలా మింగుడుపడిందమ్మా నీకు?" అన్నారు. తర్వాత కంచంలోకి చూస్తూ, "నేను ఇన్నేళ్లలో నా కోసమని ఒక్కటి చేసుకున్నానా?" అన్నారు. అది గొప్పగా చెప్పుకోవడమో మరొకటో, ఆ గొంతులో నాకు పోల్చుకోవడం చేతకాలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. అందులో మరీ సిగ్గుపడాల్సింది ఏంటంటే, ఆవిడ అన్నది నిజమేనని నాకనిపించింది. అమ్మడు వైపు చూడలేకపోయాను. పదకొండేళ్ల పిల్ల తల వంచుకుని మజ్జిగన్నం తింటోంది.

"పోనీలే అమ్మా, అయిందేదో అయింది" అన్నారు మా ఆయన, ఎంతో పెద్దమనసుతో. నా వైపు తిరిగి, "ఆదివారానికి పదిహేను కప్పులు చెయ్యి. నా పరువు నీ చేతిలో ఉంది" అన్నారు.

ఆయన పరువు కోసం గింజలు ఆయనే కొనుక్కొస్తానన్నారు. శనివారం సాయంత్రం తెచ్చిన పొట్లం విప్పి చూస్తే సబ్జా గింజలు. "ఇవి కావండీ, ఇవి నీళ్లలో వేసుకు తాగేవి. పాలల్లో వేసినా గట్టిపడవు" అన్నాను. "రెండూ నల్లగానే ఉన్నాయిగా" అన్నారు. ఎలాగూ పాలకి వెళ్తున్నావుగా అని కూడా అన్నారు. వెళ్లి చియా గింజలు తెచ్చుకున్నాను. బత్తాయిలు, కమలాలు, పాలు, కప్పులు, అన్నీ నేనే మోసుకొచ్చాను. మెట్లెక్కుతుంటే చేతి వేళ్లకి సంచి తాళ్లు దిగిపోయాయి. ఇంట్లో నాది అనుకున్నది ఒక జామ్ సీసాడు. దాన్ని కూడా పదిహేను కప్పుల పని చేసి నా నెత్తికే ఎత్తుకున్నాను. చెయ్యనని ఒక్క మాట అనలేకపోయాను. అంటే నా అబద్ధం బయటపడుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆయన నా పనిని పంచిపెడుతూ పోతుంటే, ఆ దానానికి కాగితం రాసిచ్చింది నేనేగా.

ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని పరీక్షకి చదివినట్టు అడుగుతున్నారు. "గింజల పేరేంటన్నావు? ఎంతసేపు నానాలి? తొక్క ముందు గీరాలా, వలిచాక గీరాలా?" నేను ఒక్కొక్కటీ చెబుతున్నాను. రేపు నలుగురి ముందు తడబడకూడదు కదా. అమ్మడు నా పక్కన గట్టు మీద కూర్చుని కమలాలు వలుస్తోంది. ఎవరూ చెప్పకుండానే తొనల పొర కూడా తీస్తోంది, నేను తీసినట్టే, చివర్న గిల్లి వెనక్కి లాగి.

"నీకెలా తెలుసే ఇలా తీయాలని?" అన్నాను.

"చూశానుగా. పొద్దున్న నువ్వు తీసేటప్పుడు."

"చూసేదానివా?"

"ఊఁ. నీ సీసాకి పెరుగు గిన్నె అడ్డం పెట్టేది నేనేగా. నువ్వు సరిగ్గా దాచవు. మూత కనపడిపోతుంది నానమ్మకి."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. గొంతు తగ్గించి, "మరి నీకు తెలుసని నాతో చెప్పలేదేం? నీకూ పెట్టేదాన్నిగా" అన్నాను.

"అందుకే చెప్పలేదు" అంది, తొనలోంచి గింజ తీస్తూ. "చెప్తే మొత్తం నాకే పెట్టేసి నువ్వు మానేస్తావు."

ఇంకో కమలా తీసుకుంది. నేను మళ్లీ తిప్పడం మొదలుపెట్టాను, ఉండలు కట్టకూడదు కాబట్టి. అంతవరకూ నేను పడ్డ సిగ్గంతా ఒకెత్తు, ఇదొక ఎత్తు. షాపులో దొరికిపోయినప్పుడు, అన్నాల దగ్గర దొరికిపోయినప్పుడు నా మొహం దాచుకోవాలనిపించింది. ఇప్పుడు మాత్రం ఆ పిల్ల చేతుల వైపు చూస్తూ, నేను దీనికి ఏం నేర్పాను అని సిగ్గుపడ్డాను. కూర్చోబెట్టి ఏదీ నేర్పలేదు. అది చూసి నేర్చుకుంది. ఆడది తనకిష్టమైంది తినాలంటే ఫ్రిజ్‌లో వెనక్కి తోసుకోవాలని, ముందు ఏదైనా అడ్డం పెట్టుకోవాలని, అమ్మకి అది కూడా సరిగ్గా చేతకావడం లేదు కాబట్టి తనే చూసుకోవాలని. నాకంటే బాగా నేర్చుకుంది. కప్పులు మాత్రం పదిహేనూ పూర్తిచేశాను.

ఆదివారం మధ్యాహ్నం షాపులో ఫ్రేముల అరల మధ్య బల్లలు వేశారు. కళ్లద్దాల షాపులో ఎటు తిరిగినా మొహం ఎత్తులో ఒక అద్దం ఉంటుంది. రోజూ గమనించను. ఆ రోజు ఎటు చూసినా నేనే కనపడ్డాను, బుగ్గలెర్రబడి, నవ్వు అతికించుకుని. మా ఆయన కొత్త కళ్లజోడు పెట్టుకుని కప్పులు అందిస్తూ, నిన్న నేను చెప్పిందంతా పొల్లుపోకుండా అప్పజెబుతున్నారు. "రసం పాలల్లో పిండకూడదండీ, విరిగిపోతాయి. నాకు మొదటిసారి అలాగే అయింది" అంటున్నారు. విరిగిన పాలు చెత్తబుట్టకి భయపడి తిన్నది కూడా ఇక నాది కాదన్నమాట. మా అత్తగారు ఓ పక్కన కూర్చుని కొడుకుని చూసి మురిసిపోతున్నారు. అంతా తెలిసి కూడా మురిసిపోతున్నారు.

కౌంటర్ పిల్ల తను చేసుకోబోయే అబ్బాయిని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "ఏం పుణ్యం చేసుకున్నారో అక్కా. మీకు కావాల్సింది ఆయనే కనిపెట్టి చేసిపెడతారు. మీరు నోరు తెరిచి అడగక్కర్లేదు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు మా ఇద్దరి వైపూ చూశారు. మా ఆయన తల వంచి నవ్వారు. అమ్మడు ఓ మూలన, కప్పు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి ఉంది. అది నా వైపే చూస్తోంది. నేను దీన్ని ఎలా కప్పిపుచ్చుతానో, తను ఏం అడ్డం పెట్టాలో చూసుకుంటున్నట్టు చూస్తోంది.

"ఆయన చెయ్యలేదు" అన్నాను.

ఓనరమ్మ జోకనుకుని నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. "ఇవాళ్టివీ, ఇన్నాళ్లు నేను తెచ్చుకున్నవీ, అన్నీ నేనే చేశాను. ఆయనకి ఈ గింజల పేరు నిన్ననే తెలిసింది."

"ఊరుకో, నలుగురిలో ఏంటా మాటలు" అన్నారు మా ఆయన మెల్లగా. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. అలా తుడవకూడదు, గీతలు పడతాయి. చెప్పలేదు.

"మరి ఆయన చేశారని ఎందుకు చెప్పారక్కా?" అంది కౌంటర్ పిల్ల. నన్ను తప్పుపట్టినట్టు కాదు, నిజంగా తెలియక అడిగింది. ఇన్నాళ్లలో ఆ ప్రశ్న అడిగింది తనొక్కతే.

"నా కోసం నేను చేసుకున్నానని చెప్పడానికి సిగ్గేసింది" అన్నాను.

నా చెవులు కాలిపోతున్నాయి. బయటికి వెళ్లిపోదామనిపించింది, కప్పులు సర్దే నెపంతో వెనకగదిలోకైనా దూరిపోదామనిపించింది. కాళ్లు అటే లాగుతుంటే, రోజూ కస్టమర్లని కూర్చోబెట్టే కుర్చీలో వెళ్లి కూర్చున్నాను. బల్ల మీంచి ఒక కప్పు తీసుకుని, అందరూ చూస్తుండగా తినడం మొదలుపెట్టాను. మా అత్తగారు నన్ను చూసి, తన చేతిలో కప్పు చూసుకుని, చెంచాతో ఒక తొన తీసి నోట్లో పెట్టుకున్నారు. మా ఆయన నా కుర్చీ వెనక్కొచ్చి, "ఇంటికెళ్లాక మాట్లాడదాం" అన్నారు. మాట్లాడదామనే అన్నాను. సిగ్గేమీ పోలేదు. సిగ్గుపడుతూనే కప్పు అడుగుదాకా గీరి తిన్నాను.

అమ్మడు మూల నుంచి వచ్చి నా పక్కన నిలబడింది. బల్ల మీద ఒక్క కప్పే మిగిలుంది. దాని వైపు చూసి, నా వైపు చూసి, అందరికీ వినపడేంత గట్టిగా, "ఇంకోటి కావాలా అమ్మా?" అని అడిగింది.

"కావాలి" అన్నాను.